దూది మా ఇంట ఉన్న ఆరు నెలలు

మా వీధిలోని ఒక చెల్లెలికి కిందటేడు జూన్‌లో కువైట్ వీసా వచ్చింది. మన కోనసీమలో ఇది కొత్త సంగతి కాదు గదా! వీధికి ఇద్దరు ముగ్గురైనా గల్ఫ్‌లో ఉన్నవారే. కూతురిని హాస్టల్లో చేర్పించి, ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఆ పిల్లను వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఒక బుట్ట, బుట్టలో ఒక తెల్లని కుందేలు. పేరు దూది.

"మంచి ఇల్లు ఏదైనా దొరికేదాకా మీ దగ్గర ఉంచండి వదినా. హాస్టల్లో ఒప్పుకోరంట" అంది. పాప మాత్రం ఒక్కటే మాట చెప్పింది. "కూర వండుకునేవాళ్లకి ఇవ్వకండి అత్తా."

సరేనన్నాం. ఓ నెల రోజుల మాటే గదా అనుకున్నాం.

మూడో వారంలో దాని గడ్డం కింద బొచ్చు ఎప్పుడు చూసినా తడిగా ఉండడం గమనించాం. ఆకు వేస్తే పరుగెత్తుకుని వచ్చేది, మూతి పెట్టేది, వదిలేసి వెనక్కి పోయేది. ఇది గారాబంగా పెరిగింది, పచ్చగడ్డి దీనికి ఎక్కడ రుచిస్తుందిలే అని మేమిద్దరం తీర్పు చెప్పేశాం. తాను పట్టిన కుందేలికి మూడే కాళ్లన్న సామెత మా విషయంలో అక్షరాలా నిజమైంది. అరటిపండు, పాలలో నానబెట్టిన బిస్కెట్టు, మెత్తని అన్నం పెట్టాం. తిన్నది. తింటున్నదని సంతోషించాం కూడా.

ఒకరోజు ఒళ్లో పడుకోబెట్టుకుని పెదవి ఎత్తి చూస్తే గుండె గుభేలుమంది. కింది పళ్లు రెండూ ముందుకు పొడుచుకుని ముక్కు వైపు లేచి ఉన్నాయి. పై పళ్లు గొర్రెపొట్టేలు కొమ్ముల్లా లోపలికి మెలిదిరిగి ఉన్నాయి. గారాబం కాదు పాపం, కొరకలేకపోతున్నది.

ఇక్కడ మేము చేసిన రెండో తప్పు దాచకుండా చెప్పాలి. మేకల్ని చూసిన అనుభవమున్న ఒకాయన, "గోళ్లు తీసేదానితో టక్కున కత్తిరించేయండి, ఏం కాదు" అన్నాడు. కత్తిరించాం. పన్ను అడ్డంగా తెగలేదు, నిలువునా చీలింది. రక్తం వచ్చింది. ఆ రాత్రి దూది మూలన ముడుచుకుని నీళ్లు కూడా ముట్టలేదు. మేమూ సరిగా నిద్రపోలేదు.

తెల్లవారుతూనే రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం బస్సెక్కి, చిన్న జంతువులను చూసే డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లాం. ఆయన కోప్పడలేదు, ఓపికగా వివరించారు. కుందేలుకు మొత్తం ఇరవై ఎనిమిది పళ్లు. బ్రతికినంతకాలం అవి పెరుగుతూనే ఉంటాయి. ముందరి పళ్లయితే వారానికి సుమారు రెండు మిల్లీమీటర్లు పెరుగుతాయి. పై పన్ను, కింది పన్ను సరిగా ఒకదానికొకటి ఆనుతూ ఉంటే తినే తిండికే అవి అరిగిపోతాయి. ఆ వరుస తప్పితే ఇక ఆపేది లేదు. పొట్టి మూతి ఉన్న కుందేళ్లలో ఇది పుట్టుకతోనే రావచ్చు, పంజరపు ఊచలు కొరికి లాగడం వల్లనూ రావచ్చు. దూదిది పుట్టుకతో వచ్చినదేనని ఆయన అభిప్రాయం. కత్తిరించకూడదు, సన్నని యంత్రంతో అరగదీయాలి అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. కుందేలు ఒక రోజంతా తినకుండా ఉంటే కడుపు కదలిక ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుందట. మేము మొదటి వారాల్లో పెట్టిన బిస్కెట్లు, పండ్లు కూడా మంచివి కావట. గడ్డే దాని అన్నం.

ఇక మా ఇంట్లో గడ్డి బాధ్యత మొదలైంది. మందు కొట్టిన చేలగట్ల గడ్డి వద్దన్నారు కాబట్టి కొబ్బరితోటలో గరిక కోసి, కడిగి, ఆరబెట్టి, అంగుళం ముక్కలుగా తరిగి పెట్టేవాళ్లం. దానితో పాటు కాస్త అవిసాకు. ఆదివారం మందిరం నుండి వస్తూ కిరాణా కొట్టు కాటా మీద దూదిని తూచి, మా అబ్బాయి పాత నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. మొదటివారం కిలో రెండు వందల గ్రాములు. మధ్యాహ్నం వేడికి చెవులు ఎర్రబడితే బుట్ట చుట్టూ తడి గోనెపట్టా కట్టేవాళ్లం. కుందేలుకు మనలాగా చెమట పట్టదు, ఒంటి వేడి చెవుల నుండే ఎక్కువగా పోవాలి.

ఒక సంగతి మాకు వింతగా తోచింది. లేవీయకాండము 11వ అధ్యాయంలో కుందేలును నెమరువేసే వాటితో చెప్పడం చదువరులు ఎరుగుదురు. ఆవులా దానికి నెమరు లేదు గానీ, మెత్తని పెంటికలను తానే మళ్లీ తిని, గడ్డిలోని సత్తువను రెండోసారి తీసుకుంటుంది. పళ్లు, నడుము బాగుంటేనే ఆ పని సాగుతుంది. దూది అది కూడా చేసుకోలేక వెనుక భాగమంతా మురికయ్యేది. గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచేవాళ్లం.

ఇరుగుపొరుగు వారి సలహాలకు కొదవలేదు. కొందరు మసాలా గురించి అడిగారు. నవ్వి ఊరుకున్నాం. ఒకాయన మాత్రం నిజంగా జాలిపడి, "తోటలో వదిలేయండి, దాని బ్రతుకు అది బ్రతుకుద్ది" అన్నాడు. మన పొలాల్లో ఉరికే చెవులపిల్లి వేరు, ఇది వేరు. చెవులపిల్లి కూన కళ్లు తెరుచుకుని, ఒంటినిండా బొచ్చుతో పుడుతుంది. దానికి 1972 నాటి అడవిజంతువుల చట్టం రక్షణ ఉంది. ఈ పెంపుడు కుందేలు ఐరోపా జాతి. బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడుతుంది. తోటలో వదిలితే ఒక్క రాత్రి కుక్కల పాలు.

నెలకోసారి రాజమహేంద్రవరం వెళ్లి పళ్లు అరగదీయించేవాళ్లం. మధ్యలో దూది కోసం మనుషులు వచ్చారు. మొదట వచ్చిన కుటుంబానికి పళ్ల సంగతి చెప్పగానే, కబురు చేస్తామన్నారు. కబురు రాలేదు. రెండోవారు జతకట్టి పిల్లల్ని పెట్టించి అమ్ముకుందామనుకున్నారు. ఈ లోపం పిల్లలకూ రావచ్చు, జత వద్దు అన్నాం. "పన్ను వంకరని సంబంధం చెడగొడతారేంటండీ!" అని వేళాకోళమాడి వెళ్లిపోయారు.

ఆ రాత్రి మా అబ్బాయి అడిగాడు. "చెప్పకుండా ఇచ్చేస్తే ఏమయ్యేది?" మాకూ ఆ ఆలోచన రాలేదని అనలేం. నెలనెలా బస్సు ఛార్జీలు, ఒక పూట పని పోవడం, అన్నీ లెక్కకు వస్తూనే ఉన్నాయి. కానీ తెలియనివాళ్లు నెల తిరగకుండా మేము చేసినట్టే గోళ్ల కత్తెర పట్టుకుంటారు. నిలువునా చీలిన ఆ పన్నే కళ్లముందు కనబడింది.

అక్టోబరులో డాక్టరుగారు, జీవితాంతం అరగదీయడం కన్నా ముందరి పళ్లు తీసేయడమే మేలన్నారు. పైన రెండు, వాటి వెనుక మేకుల్లా ఉండే చిన్నవి రెండు, కింద రెండు, మొత్తం ఆరు. దవడ పళ్లు బాగున్నాయి గనుక తరిగిపెడితే పెదవులతో అందుకుని నమలగలదట. ఆపరేషన్ రోజు ఉదయం మనుషులకు చెప్పినట్టే అనుకుని దూదికి ఏమీ పెట్టకుండా తీసుకువెళ్లాం. అదీ తప్పే! కుందేలుకు వాంతి రాదు, దాన్ని పస్తు ఉంచకూడదు. డాక్టరుగారు గడ్డి తెప్పించి తినిపించి, ఆ తర్వాతే మత్తు ఇచ్చారు. బయట బల్ల మీద ఖాళీ బుట్ట పట్టుకుని కూర్చున్న ఆ గంటన్నర చాలా పొడవుగా గడిచింది.

మూడోరోజు ఉదయం గరిక ముక్క ఒకటి దాని పెదవుల మధ్య అటూ ఇటూ కదిలి లోపలికి పోయింది. ఇంట్లో అందరం ఒకచోట చేరి చూశాం.

డిసెంబరు మొదట్లో రాజోలు దగ్గర పల్లె నుండి ఒక పెద్దావిడ కబురు పంపింది. రెండు గేదెలున్నాయి, పిల్లలు హైదరాబాదులో. మొత్తం చెప్పాం. పళ్లు లేవని, వేర్లలో ఏ కాస్త మిగిలినా మళ్లీ మొలవవచ్చని, రోజూ తరగాలని. ఆవిడ శ్రద్ధగా విని, "ఆయ్, గేదెలకు ఎలాగూ కోసేదాన్నేనండి, ఇదెంత, గుప్పెడు. నాకు కట్టుడు పళ్లొచ్చి పదేళ్లయింది, నేను తినట్లేదా ఏంటి?" అంది. జత కడతారా అని అడిగాం. "దీనికి నేనున్నాను గదండీ" అంది.

బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటుతుంటే గాలికి బుట్ట మీద గుడ్డ లేచిపోతుంటే పట్టుకుని కూర్చున్నాం. ఆరోజు బరువు కిలో ఆరువందల ఎనభై. నోటుబుక్కు కూడా ఆవిడకే ఇచ్చేశాం.

సంక్రాంతి సెలవులకు పాపను అక్కడికి తీసుకువెళ్లాం. పెద్దావిడ అరుగు మీద కత్తిపీట వేసుకుని గరిక తరుగుతున్నది. దూది ఆవిడ చీర కుచ్చెళ్ల పక్కన పడుకుని ఉంది. పాప పిలిస్తే చెవి తిప్పింది గానీ లేవలేదు. పాప కాసేపు నిలబడి చూసి, చెప్పులు విడిచి, పక్కన కూర్చుని, తరిగిన గరిక ఒక్కొక్క ముక్క అందించడం మొదలుపెట్టింది. కువైట్ నుండి తల్లి ఫోన్ చేస్తే మాట్లాడకుండా ఫోన్ అటు తిప్పి చూపించింది.