దుప్పటి కప్పుకునే ఆగస్టు

జూలై ఆఖర్లో ముసురు తగ్గిందో లేదో, కొరియాలో అసలు ఉక్క మొదలవుతుంది. సియోల్‌లో రాత్రి పదకొండు దాటినా ఆకు కదలదు. రాత్రి ఉష్ణోగ్రత 25 డిగ్రీల కిందికి దిగకపోతే ఇక్కడి వాతావరణ శాఖ ఆ రాత్రిని ప్రత్యేకంగా లెక్క రాసుకుంటుంది. పొద్దున్నే వార్తల్లో అదే మాట, బస్సులో అదే మాట. "రెంటచింతల ఎండలు చూసొచ్చినవాళ్ళం, మాకిదో లెక్కా" అని దిగిన మన కుర్రాళ్ళు కూడా రెండో వారానికల్లా ఏసీ రిమోట్‌ను దిండు కింద దాచుకుంటారు. సరిగ్గా అప్పుడే ఆఫీసు కాంటీన్లలో, అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో ఒక ఊరి పేరు తరచుగా వినిపిస్తుంది. తేబెక్.

గాంగ్‌వొన్ కొండల్లో, దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు ఇది. ఆగస్టులో సగటు ఉష్ణోగ్రత 21 డిగ్రీల చుట్టుపక్కలే. దోమలు కూడా ఇంత ఎత్తు ఎక్కడానికి బద్ధకిస్తాయి. బసలో ఫ్యాన్ సంగతి అడిగితే, ఇంకో దుప్పటి ఇమ్మంటారా అని ఎదురడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న కోసం నాలుగు గంటలు ప్రయాణం చేసినా నష్టం లేదని నా అభిప్రాయం.

ఇక ప్రయాణం. సియోల్ చొంగ్‌న్యాంగ్‌ని స్టేషన్లో రైలెక్కితే మూడున్నర, నాలుగు గంటలు. బస్సు ఇంకాస్త త్వరగానే చేరుస్తుంది గానీ నా ఓటు రైలుకే. జెచొన్ దాటాక లోయలు ఇరుకై, సొరంగం వెనక సొరంగం వస్తుంది. నాలుగున్నర కిలోమీటర్ల పొడవున్న జొంగామ్ సొరంగంలోంచి బయటపడగానే చుజొన్ స్టేషన్. 855 మీటర్ల ఎత్తున, 1973లో బొగ్గు మోయడానికి కట్టిన స్టేషన్ ఇది. మామూలు రైళ్ళు ఇక్కడ ఆగవు. అందుకని పెట్టెలో సగం మంది ముందే ఫోన్లు పట్టుకుని కిటికీలకు అతుక్కుపోతారు. మనవాళ్ళయితే పులిహోర డబ్బా మూత అప్పుడే తీసి, ఇటు తినలేక అటు చూడలేక అవస్థ పడతారు.

ఊళ్ళో దిగగానే అందరూ ముందుగా వెళ్ళేది హ్వాంగ్‌జి చెరువుకి. ఊరవతల కాదు, నడిబజార్లో, కొట్ల మధ్యనే ఉంది. మూడు గుంటలు, నీలి ఆకుపచ్చ నీళ్ళు. రోజుకి 5,000 టన్నుల నీరు అడుగునుంచి ఊరుతుందని చెబుతారు. దక్షిణాన 500 కిలోమీటర్లకు పైగా పారి, బూసాన్ దగ్గర సముద్రంలో కలిసే నక్‌డోంగ్ నది పుట్టిల్లు ఇదే. సాయంత్రం అవ్వలు విసనకర్రలు పట్టుకుని గట్టున చేరతారు. ఆ చల్లదనంలో విసనకర్రతో పనేముంటుంది? కబుర్లకు తాళం వెయ్యడానికన్నమాట.

అన్నట్టు, ఆ చెరువుకో కథ ఉంది. అక్కడ హ్వాంగ్ అనే పిసినారి షావుకారు ఉండేవాడట. బౌద్ధ భిక్షువు భిక్షకు వస్తే బియ్యానికి బదులు పేడ ఎత్తి వేశాడు. కోడలు సిగ్గుపడి, పేడ దులిపి, చాటుగా బియ్యం పోసింది. "ఈ ఇంటికి కాలం తీరింది, నా వెంట రా, ఏం వినపడినా వెనక్కి తిరక్కు" అన్నాడు భిక్షువు. చంటివాణ్ణి వీపున కట్టుకుని కొండ దారి పట్టింది. వెనక పిడుగు పడ్డట్టు చప్పుడయ్యింది. అత్తిల్లు కదా, మనసాగక తిరిగి చూసింది. చూసిన చోటే శిలైపోయింది. ఇల్లు మునిగి చెరువయ్యింది. షావుకారుకి పడిన శిక్ష సరే. ఆ కోడలు చేసిన తప్పేమిటో మాత్రం ఎన్నిసార్లు విన్నా నాకు మింగుడు పడదు.

ఇక రెండో నది. సియోల్ నడుమగా పారే హాన్ నది కూడా ఈ ఊరి కొండల్లోనే పుట్టింది. ఆ చోటు పేరు గొమ్‌న్యోంగ్‌సొ. కారు ఆపిన చోటునుంచి అడవి నీడన కిలోమీటరు పైచిలుకు నడవాలి, చిన్నపిల్లలు కూడా నడిచేస్తారు. సున్నపురాతి సందుల్లోంచి రోజుకి సుమారు 2,000 టన్నుల నీరు ఉబికి వస్తుంది. ఎండాకాలమైనా మంచుకాలమైనా దాని చలవ 9 డిగ్రీలే. అక్కణ్ణుంచి నాచు పట్టిన రాతి మెట్ల మీదుగా వంకరటింకరగా జారుతుంది. డ్రాగన్ కావాలని పడమటి సముద్రం నుంచి ఏటికి ఎదురీదుకుంటూ వచ్చిన మహాసర్పం, పైకెక్కలేక పొర్లినప్పుడు పడ్డ గీతలవి అంటారు. నీళ్ళు తాగడానికొచ్చిన పశువుల్ని అది మింగేస్తోందని రైతులు ఒకప్పుడు మడుగును పూడ్చేశారట కూడా. 1986లో మళ్ళీ తవ్వి బాగుచేశారు. కోటిమందికి నీళ్ళిచ్చే నది మొదట్లో అంత చిన్న మడుగు చూస్తే ఎవరికైనా చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఈ రెండిటికీ నడుమ సామ్‌సురియోంగ్ కనుమ. అక్కడ కురిసిన వాన మూడు పాయలవుతుంది. ఒకటి హాన్‌తో పడమటి సముద్రానికి, ఒకటి నక్‌డోంగ్‌తో దక్షిణానికి, మూడోది ఒసిప్‌చొన్ అనే ఏటితో తూర్పుకి. పిల్లలు సీసాలో నీళ్ళు తెచ్చి కనుమ మీద పోసి, ఏ పక్కకి పోతాయోనని వంగి చూస్తుంటారు. పెద్దవాళ్ళు పిల్లల వంకన చూస్తారు.

కనుమ నుంచి పైకి మళ్ళితే మేబోంగ్‌సాన్ కొండ. ఇక్కడ మాత్రం తీరిగ్గా ఆగాలి. దాదాపు 1,300 మీటర్ల ఎత్తున తెల్లటి గాలిమరలు, వాటి కాళ్ళకింద కనుచూపు మేర క్యాబేజీ. కిమ్చీకి వాడే పొడుగాటి క్యాబేజీ ఇది. మైదానాల్లో ఎండకి కుళ్ళిపోయే పంట కాబట్టి వేసవిలో కొండమీదే పండాలి. మే, జూన్లలో నారు నాటితే ఆగస్టు, సెప్టెంబరుల్లో కోత. ఆ ఏటవాలు మీద యంత్రాలు నిలవవు. తెల్లారకముందే దీపాలు పెట్టుకుని, కత్తి చేతబట్టి, ఒక్కో మొక్కా వంగి కోస్తారు. కూలీల్లో విదేశాలనుంచి వచ్చినవాళ్ళూ చాలామందే. కోసినవి వలసంచుల్లో మూడేసి బిగించి లారీకెత్తుతారు. ఈమధ్య ఏళ్ళలో వేడి ఇంత ఎత్తుకీ పాకుతోంది. పంట కుళ్ళితే చూసొక్ అనే పంటల పండగ ముందర సియోల్ బజార్లో ధర భగ్గుమంటుంది. ఇక్కడ వేడి ఒక డిగ్రీ పెరిగితే దేశమంతటా వంటింట్లో గొడవే.

పొరుగునే గ్వినెమి అనే ఊరు. గ్వాంగ్‌డోంగ్ డ్యామ్ కింద ఇళ్ళు మునిగిన నిర్వాసితులు 1980ల చివర కొండమీదికొచ్చి రాళ్ళు ఏరి చదును చేసుకున్న చేలివి. ఫోటో కోసం గట్టు దాటి మొక్కల్లో కాలు పెట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది వాళ్ళ ఏడాది తిండి. కోతల రోజుల్లో మేబోంగ్‌సాన్ పైకి సొంత కార్లను రానివ్వకుండా బస్సు పెడుతుంటారు. అదెక్కి వెళ్ళడమే మర్యాద.

కొండ దిగేసరికి ఆకలి. ఈ ఊరి కూడు ముల్ డక్‌గల్బీ. పలుచటి పెద్ద మూకుట్లో ఎర్రటి కారం పట్టించిన కోడి ముక్కలు, ఆకుకూరలు, సేమ్యాలాంటి నూడుల్స్ వేసి నిండా పులుసు పోసి మన కళ్ళెదుటే ఉడికిస్తారు. గనిలోంచి పైకొచ్చిన కార్మికుడికి దుమ్ము పట్టిన గొంతు తడవాలి, కడుపూ నిండాలి. అందుకే మామూలుగా వేపుడుగా చేసే డక్‌గల్బీ కాస్తా ఇక్కడ పులుసయ్యింది. చివర్లో అడుగున మిగిలిన పులుసులో అన్నం వేసి గరిటెతో అదిమి వేయిస్తారు. అది తినకుండా లేచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. శాకాహారులకు గొండ్రె అన్నం ఉంది: కొండ ఆకు వేసి వండిన అన్నంలో సోయా పచ్చడి కలుపుకోవడమే. పక్కన పెట్టే కిమ్చీలో చేపల ఊట, రొయ్యల ఉప్పు ఉంటాయి. ముందే అడగండి.

ఇక బొగ్గు మాట ఎత్తకుండా తేబెక్ కబుర్లు పూర్తికావు. 1981లో రెండు గని పట్టణాలు కలిపి చేసిన నగరమిది. 1987లో జనం లక్షా ఇరవై వేలు. కుక్కలు కూడా పది వేల వన్‌ల నోటు నోట కరుచుకు తిరిగాయని ఆనాటి వైభోగాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. దేశం బొగ్గు బిళ్ళల పొయ్యి మాని గ్యాసుకు మళ్ళింది. 1989 నుంచి ప్రభుత్వమే గనుల్ని వరసగా మూయించింది. 1936లో తెరిచిన జాంగ్‌సొంగ్ గని 2024లో మూతబడింది. ఇప్పుడు ఊళ్ళో నలభై వేల మంది కూడా లేరు.

చొరామ్ స్టేషన్ ఎదురుగా ఆనాటి కొట్లను అలాగే అట్టేపెట్టారు. రోడ్డువైపు చూస్తే మామూలు దుకాణాలు. వంతెన మీదికెళ్ళి వెనక్కి చూడండి: స్థలం చాలక వాగులోకి కర్రలు పాతి, వాటి మీద గదులు పెంచారు. వాగుకు ఒక ఒడ్డున పనికి వెళ్తున్న కార్మికుడి బొమ్మ, రెండో ఒడ్డున బిడ్డను కట్టుకుని చెయ్యి ఊపే ఇల్లాలి బొమ్మ. గని కార్మికుల ఇళ్ళల్లో పట్టింపులు ఎన్నో. గనికెళ్ళిన మనిషి చెప్పులు ఇంట్లో లోపలి వైపు తిప్పి పెట్టేవారు, తిరిగి రావాలని. డబ్బాలో అన్నం నాలుగు గరిటెలు పెట్టేవారు కాదు. నాలుగంటే వాళ్ళకి చావు శకునం. గనిలో ఎలుకను చంపేవారు కాదు; పైకప్పు కూలబోతుంటే ముందు పసిగట్టి పరిగెత్తేది అదే కదా. సింగరేణి ఊళ్ళల్లో పెరిగినవాళ్ళకు ఈ భయం ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు. కొండవాలున 1975లో కట్టిన స్మారక స్తంభం ఉంది. గనుల్లో పోయిన నాలుగు వేల పైచిలుకు మంది పేరు ఫలకాలు అక్కడ ఉన్నాయి. వేసవి సరదాలో ఒక అరగంట అక్కడికీ వెళ్ళాలి.

అన్నట్టు, మీరు వెళ్ళే రోజు తేదీలో అయిదు ఉందేమో చూసుకోండి. 5, 15, 25 తేదీల్లో తోంగ్‌ని సంత. కొండ దిగితే తూర్పు తీరం దగ్గరే, కాబట్టి పచ్చి చేపలూ ఎండు చేపలూ ఇక్కడికి వస్తాయి. పక్కనే కొండ ఆకులు, మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంప అట్లు. బేరం ఆడొచ్చు గానీ, అవ్వ చేతికి అదనంగా గుప్పెడు ఆకులు వచ్చేశాక ఇక ఆడకూడదు.

వేసవి పొడుగునా కాలేజీ ఫుట్‌బాల్ జట్లు చల్లగాలికి ఇక్కడికొచ్చి ఆడతాయి. హోటళ్ళలో కుర్రాళ్ళు వరసగా కూర్చుని మూడో గిన్నె అన్నం అడుగుతుంటే వడ్డించే అమ్మలకు ముచ్చట. గువావు ఊరి కొండవాలున పొద్దుతిరుగుళ్ళు పూస్తాయి. 1,330 మీటర్ల మాన్‌హాంగ్ కనుమ దగ్గర పేరు తెలియని అడవి పువ్వులన్నీ ఒకేసారి విరబూస్తాయి.

ఇక జనవరిలో తేబెక్‌సాన్ మంచు పండగ గురించి అందరూ ఊదరగొడతారు. 1,567 మీటర్ల ఆ కొండ, మంచు పట్టిన ముసలి యూ చెట్లు, కొరియన్లు ఆకాశానికి పూజ చేసే రాతి వేదిక, అన్నీ గొప్పవే. కాదనను. కానీ ఊరు ఊరుగా కనపడేది వేసవిలోనే, అవ్వలు గట్టున కూర్చుని, కొట్ల తలుపులు బార్లా తెరిచి ఉన్నప్పుడు.

పొద్దున వచ్చి, రెండు ఫోటోలు తీసి, సాయంత్రం బండెక్కేవాళ్ళే ఎక్కువ. మీరలా చెయ్యకండి. ఒక రాత్రి ఉండండి, హోటల్ ఊళ్ళోనే తీసుకోండి, భోజనం చిన్న కొట్లో చెయ్యండి. గనులు పోయాక ఆ ఊరి బతుకు వచ్చిపోయేవాళ్ళ మీదే నడుస్తోంది. ఆగస్టయినా సరే, పిల్లలకు స్వెట్టర్లు మరిచిపోకండి.