ఇబ్రహీంపట్నం చెరువుగట్టున ఒక దినము

పరదేశమున ముప్పదియేడు సంవత్సరములు నర్సుగా రోగులకు పరిచర్య చేసి, ఉద్యోగము విరమించి, నాలుగు మాసముల క్రిందట హైదరాబాదు చేరినదానను నేను. ఇంగ్లండు దక్షిణ తీరమునందలి ఒక చిన్న పట్టణమున నా వయసెల్ల గడచినది. ఆ దేశమున ముసలివారు సెలవు దినములలో సముద్రపుటొడ్డున బల్లలపై కూర్చుండి, మౌనముగా నీటిని చూచుచుందురు. నాకును ఆ అలవాటు పట్టువడినది. ఇక్కడికి వచ్చినది మొదలు నా కన్నులు నీటికై వెదకుచునే యున్నవి. మరియొక చింతయు మనస్సున గలదు. ఇక్కడనే నిలిచెదవా, తిరిగి వచ్చెదవా, నెల తిరుగులోపల తెలుపుమని నా కుమారుడు అక్కడినుండి అడుగుచున్నాడు.

నా ముఖము చూచి మా తమ్ముని భార్య ఒకనాడు, "మన తెలంగాణకు సముద్రము లేకపోతే ఏమి వదినా, చెరువు లేదా? పొద్దుననే బయలుదేరితే పొద్దుగూకేవరకు ఇంటికి రావచ్చు" అన్నది. అట్లు మేమిరువురమును ఇబ్రహీంపట్నమునకు ప్రయాణమైతిమి. ఇది విజయవాడ చెంత కృష్ణ యొడ్డుననున్న ఇబ్రహీంపట్నము కాదు. రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు బాటపైనున్నది. మా పుట్టినయూరు దానికి సమీపమే. చిన్ననాట మా అమ్మ చేయి పట్టుకొని ఆ చెరువుగట్టున నడచిన జ్ఞాపకము నాకు కలదు.

దిల్‌సుఖ్‌నగరమున బస్సెక్కితిమి. 2023 డిసెంబరు 9వ తేదీ మొదలు ఈ రాష్ట్రమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో టికెట్టు వెల లేదు. కూరగాయల గంపలవారు, కళాశాలల బాలికలు, చంటిబిడ్డల తల్లులు, అందరును కార్డు చూపి జీరో టికెట్టు పుచ్చుకొనుచుండిరి. కండక్టరమ్మ నా చెంతకు వచ్చి, "అమ్మా, ఆధార్ కార్డున్నదా?" అని యడిగినది. నా సంచిలో పరదేశపు పాస్‌పోర్టు ఉన్నది గాని ఆ కార్డు లేదు. "లేదమ్మా" యని చెప్పి రూపాయలిచ్చితిని. బస్సులోని ఆడువారందరును నా వైపు తిరిగి చూచిరి. "ఏ ఊరమ్మా మీది?" అని ఒక అవ్వ యడిగినది. ఈ నేలపై పుట్టినదాననయ్యు ఆ చిన్న ప్రశ్నకు నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని.

ఎల్.బి. నగరము దాటి, బి.ఎన్. రెడ్డి నగరము, తుర్కయంజాల్, రాగన్నగూడ మీదుగా బస్సు సాగినది. నేనెరిగిన జొన్నచేలు, సీతాఫలపు పొదలు కానరాలేదు. బాటకిరుప్రక్కల మేడలు, ఇండ్ల స్థలముల హద్దురాళ్లు కనబడినవి. బొంగుళూరు కడ నగరము చుట్టును వేసిన గొప్ప వలయ రహదారి మా బాటను దాటినది. అవతల మంగళ్‌పల్లి, శేరిగూడలలో ఇంజనీరింగు కళాశాలలు వరుసగా నున్నవి. పుస్తకముల సంచులు వీపున వేసికొని గుంపులుగా దిగుచున్న బాలికలను చూచి నా మనస్సు కొంత తేరుకొన్నది. నా బాల్యమున ఆడుపిల్లకు పదవ తరగతి దాటుటయే గగనముగా నుండెడిది.

ఇబ్రహీంపట్నమున దిగి, ఆటోలో చెరువుగట్టు చేరితిమి. ఎంత నీరు! ఆవలి యొడ్డున చెట్లు చిన్న పొదలవలె కనబడుచుండెను. గాలికి చిరు అలలు లేచి గట్టురాళ్లను తాకుచుండెను. ఉప్పు వాసన లేదు గాని, ఒక్క నిమిషము నేను విడిచివచ్చిన తీరమే జ్ఞప్తికి వచ్చినది. మా మరదలు తెచ్చిన సద్ది విప్పినది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు తినుచు ఆ చెరువు కథ ముచ్చటించుకొంటిమి.

ఈ ఊరికి పేరిచ్చినవాడు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా. ఆయన వృత్తాంతము వినదగినది. 1543లో అన్న జంషీదు కుట్రచేసి తండ్రిని చంపించగా, ఇబ్రహీము ప్రాణభయముతో పరుగిడి విజయనగరమున అళియ రామరాయల అండ చేరెను. ఏడు సంవత్సరములు పరాయి కొలువున అతిథిగా బ్రతికెను. అక్కడనే తెలుగుపై మక్కువ పెంచుకొనెను. 1550లో అన్న గతించిన పిమ్మట తిరిగివచ్చి గద్దెనెక్కి 1580 వరకు రాజ్యమేలెను. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని ముద్దుగా పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. హైదరాబాదునకు అలంకారమైన హుస్సేన్‌సాగరము, మూసీపై పురానాపూలు ఆయన కాలమునాటివే.

అయితే కథలో ముల్లు కూడ గలదు. 1565లో దక్కను సుల్తానులు కూడి విజయనగరముపై దండెత్తినప్పుడు ఇబ్రహీమును వారితో చేరెను. తనకు అన్నము పెట్టిన రామరాయలు ఆ యుద్ధమునందే మడసెను. ఈ మాట చెప్పగా మా మరదలు రొట్టె ముక్క చేతనే పట్టుకొని, "ఉప్పు తిన్న ఇంటిమీదికే పోయిండా?" అన్నది. రాజుల ధర్మము నాకు తెలియదు. రెండు ఊళ్ల ఉప్పు తిన్నవారికి ఋణము రెండు వైపులను నుండునని మాత్రము నాకు తెలియును. నాకు జీతమిచ్చి, బిడ్డకు చదువిచ్చిన దేశమును నేను నిందింపజాలను. నన్ను కన్న నేలను మరువజాలను. ఇబ్రహీము ఒక ఋణమును తీర్చలేకపోయినను, పరాయినేలనుండి తెచ్చుకొన్న తెలుగును ఈ నేలపై పంచిపెట్టెను. ఇన్ని వందల యేండ్లకును మనము ఆయన పేరు తలచుచున్నది అందుకొరకే.

గట్టు వెంబడి కొంత నడచితిమి. చెరువునకు నీరు తెచ్చు ఫిరంగి కాలువ మాట వచ్చినది. ఫిరంగి యనగా తుపాకివంటి ఆయుధమనుకొని నేను చిన్ననాట భయపడెడిదానను. ఆ మాటకు పరదేశీయుడనియు అర్థము గలదు. పందొమ్మిదవ శతాబ్దమున నిజాము ప్రభుత్వమువారు త్రవ్వించిన ఆ కాలువ షాబాదు మండలమునందలి చందనవెల్లి దగ్గర మొదలగును. వానకాలపు నీటిని మళ్లించి, దారిలోని చెరువులను నింపుచు, తుదకు ఈ పెద్దచెరువును చేరవలెనని దాని ఏర్పాటు. కాని కాలక్రమమున పూడిక పేరుకొని, ఇండ్ల స్థలములు అడ్డుపడి, అనేకచోట్ల దాని దారి చెడినది. ఎన్నో యేండ్లు ఈ చెరువు ఎండి, పశువులు మేయు బీడుగా నుండెను. 2022లో మిక్కిలి వానలు కురియగా, దశాబ్దముల పిదప నిండి అలుగు పారినది.

గట్టు దిగువన కొందరు స్త్రీలు తంగేడు, గునుగు పూలు కోయుచుండిరి. బతుకమ్మ పండుగ దినములవి. పూలను వరుసలుగా పేర్చి, నడుమ పసుపు గౌరమ్మను నిలిపి, పొద్దుగూకువేళ చుట్టును తిరిగి పాడి, కడపట నీట విడుచుట ఈ ప్రాంతపు ఆడుబిడ్డల ఆచారము. చెరువు ఎండిన యేండ్లలో ఏమి చేసెడివారని అడిగితిని. "ఉన్న మడుగులనే వేసినం వదినా" అన్నది మా మరదలు. కొంతసేపు ఊరకుండి, మెల్లగా, "చెరువు నిండిన ఆ యేడే నలుగురు ఆడివాళ్లు పోయిండ్రు" అన్నది.

ఆ సంగతి మీలో పలువురకు తెలిసియే యుండును. 2022 ఆగస్టులో ఈ ఊరిలో ఒక్కదినమున 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేసిరి. కొలది దినములలో వారిలో నలుగురు మరణించిరి. అందరును పసిబిడ్డల తల్లులే. మా మరదలు చెప్పుచుండగా నా చేతులు చల్లబడినవి. శస్త్రచికిత్స గదిలో పనిముట్లు శుద్ధిచేయుట, చేతులు కడుగుట, జ్వరపు లెక్క వ్రాయుట, ఇదియే గదా ముప్పదియేడు సంవత్సరములు నేను చేసిన పని! చూచువారికి అది చిన్న పని. ఒకరికి వాడిన పనిముట్టు సరిగా శుద్ధిగాక మరియొకరికి తగిలినచో కంటికి కనబడని క్రిమి రక్తములో చేరి, రెండు మూడు దినములలో ప్రాణము తీయగలదు.

కావున సోదరీమణులారా, ఈ మాటలు మరువకుడు. ఆ శస్త్రచికిత్స జరిగిన పిమ్మట జ్వరము, కడుపు ఉబ్బుట, తగ్గని నొప్పి, వాంతులు, ఆయాసము, వీనిలో ఏది కలిగినను "ఇది మామూలే" యని ఇంట దాచుకొనక ఆ క్షణముననే ఆసుపత్రికి పోవలెను. ఇంటిపని ఆగునని, అత్తగారేమనుకొందురోయని ఆలస్యము చేయరాదు. మరియొక మాట. ఇదే ప్రయోజనమునకు పురుషులకు చేయు శస్త్రచికిత్స ఇంతకంటె తేలిక, అపాయము తక్కువ. అయినను మన ఇండ్లలో ఆ భారము ఆడుదానిపైననే పడుచున్నది. భార్యాభర్తలు కూర్చుండి మాటలాడుకొనవలసిన విషయమిది.

పూలు కోయుచున్న ఒక చిన్నది వచ్చి నా చేతిలో గుప్పెడు తంగేడు పూలు పెట్టినది. ఇంగ్లండు తీరమున బల్లలకు చనిపోయినవారి పేర్లు చెక్కిన చిన్న రేకులు బిగించి యుండును. ఈ చెరువునకు రాజు పేరున్నది. ఆ నలుగురు తల్లుల పేర్లు మాత్రము ఈ గట్టున ఏ రాతిమీదను లేవు. నేను మెట్టు దిగి, ఆ పూలను నీటిమీద విడిచితిని. అవి గాలికి కదలి కొంత దూరము పోయినవి.

ప్రొద్దు వాలుచుండగా తిరుగు బస్సెక్కితిమి. దారిలో మా మరదలితో నా ఆలోచన చెప్పితిని. మా తమ్ముని ఇంటి చుట్టుప్రక్కల ఎందరో గర్భిణులు, బాలింతలు కలరు. వారమునకు రెండు దినములు వారిని కూర్చుండబెట్టి నేనెరిగినది చెప్పగలను. నర్సు పని నేర్చుకొను బాలికలున్నచో వారికి చేతులు కడుగుట మొదలుకొని చూపగలను. "పైసలు తెస్తివనుకొన్నరు గాని వదినా, పని తెస్తివని ఎవరనుకొన్నరు!" అని ఆమె నవ్వినది.

ఆ రాత్రియే నా కుమారునికి వ్రాసితిని. పరదేశపు పౌరులకు ఆధార్ కార్డు కావలెనన్నచో గడచిన పన్నెండు మాసములలో 182 దినములు ఈ దేశమున నివసించి యుండవలెను. నాకింక రెండు మాసములు చాలును. అంతవరకు ఇక్కడనే యుందును, ఆ పిమ్మటను ఉందును, చూడవలెననిపించినప్పుడు నీవే రమ్మని తెలిపితిని.

తిరుగు బస్సులోను కండక్టరు కార్డడిగెను. ఉదయమువలె నాకు చిన్నతనము తోచలేదు. సంతోషముతో రూపాయలు తీసి యిచ్చితిని. ఈ నేలకు నేను తీర్చవలసిన బాకీలో అది మొదటి కంతు.