అమ్మ పాటలు

ముప్పది నాలుగేండ్ల గుమాస్తా ఉద్యోగములో ఒక్క కాగితమైనా పోగొట్టని నేను, విశ్రాంతి పొందిన పిమ్మట మా అమ్మ గొంతును పోగొట్టుకొన్నాను.

మూడు తరాలుగా బెంగళూరులో కాపురమున్న మా ఇంట పెండ్లిపాటలు ఆమెకే తెలుసు. బియ్యమేరుకొంటూ ఆమె పాడిన పదకొండు పాటలు నా ఫోనులో పట్టి ఉంచినాను. 2023లో ఆమె కాలము చేసినది. మరుసటి వానలకు ఫోను తడిసి మూగబోయినది.

సదర్ పత్రప్ప రోడ్డులో అంగడి అంగడికీ తిరిగినాను. ఒక కుర్రవాడు భూతద్దము క్రింద పెట్టి చూచి, కన్నడములో నెమ్మదిగా చెప్పినాడు: "సార్, ఈ కాలపు ఫోనులలో సంగతులన్నీ రహస్యలిపిలో ఉంటాయి. దాని తాళపుచెవి ముఖ్యమైన చిప్పులోనే ఉంటుంది. అది కాలిపోయినది. జ్ఞాపకపు చిప్పు ఊడదీసినా ఏమీ చదువలేము." రుసుము తీసుకొనలేదు.

దొంగకని వేసిన తాళము ఇంటివానికే అడ్డమైనది! "క్లౌడులో పెట్టలేదా తాతా?" అన్నాడు మనుమడు. ఆఫీసులో ప్రతి ఉత్తరమునకు కార్బన్ నకలు తీసిన చేతులివి. ఇంట ఆ బుద్ధి పుట్టలేదు.

1986లో చెల్లెలి పెండ్లినాటి కాసెట్టొకటి బీరువాలో దొరికినది. టేపు సాగి గొంతు వణకుతున్నది గాని, అప్పగింతల పాట రెండు చరణములు తెలిసినవి. చెల్లెలూ నేనూ కూర్చుండి వ్రాసికొన్నాము. మూడవ చరణమునకు ముందే టేపు తెగినది. మన సంఘములో ఆ పాట వచ్చిన పెద్దలెవరైనా ఉన్నచో కబురు పంపవలెను. నోటుపుస్తకములో ఆ పుట ఖాళీగా ఉంచినాను.