బాబాయి అటక మీద దొరికిన ఉదాహరణ

జీఎస్-3లో ఈ-వ్యర్థాలు మీరూ చదివే ఉంటారు. 2022 నిబంధనలు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు, ఉత్పత్తిదారుల బాధ్యత, రిఫర్బిషర్ల నమోదు. నేనూ ఇదే వరసలో రాసేవాణ్ని. ఒకసారి జవాబు పక్కన ఎర్రసిరాతో "ఉదాహరణ ఏది?" అని రాసి ఇచ్చారు. ఆ నెలలోనే బాబాయి ఇంట్లో అటక దులుపుతుంటే ఒక పాత కంప్యూటర్ దొరికింది.

బాబాయి రిటైరైన లెక్కల మాస్టారు. 1984-85లో కేంద్రం 'క్లాస్' పథకం కింద బడులకు బీబీసీ మైక్రోలు ఇచ్చింది. బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన యంత్రం అది. 32 కేబీ మెమరీ, 2 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, తెరకు బదులు టీవీ. బడివాళ్లు తుక్కుకింద తూకానికి అమ్మేస్తుంటే బాబాయి ఒకటి కొనుక్కున్నాడట.

ఆత్రంకొద్దీ తెరిచి చూడకుండానే ప్లగ్గు పెట్టాను. బీప్‌మంది, అక్షరాలొచ్చాయి. పది నిమిషాలకు వెనకనుంచి పొగ, ఇల్లంతా మాడు కంపు. పిన్ని పరుగున వచ్చి మెయిన్ ఆపేసింది. "చదువుకోమంటే కొంప తగలెడతావురా!"

కాలింది పవర్ సప్లైలోని ఒక చిన్న ఫిల్టర్ కెపాసిటర్. లోపల కాగితం పొర ఉంటుంది, పైతొడుగు ఏళ్లకు పగిలి తేమ పీలుస్తుంది. కరెంటు తగలగానే పొగే. మీకెవరికైనా ఇలాంటిది దొరికితే ముందు అది మార్పించండి, అదీ ఎక్స్2 రకంతోనే. పవర్ సప్లై డబ్బా మాత్రం మీరు తెరవొద్దు, ప్లగ్గు తీసేశాక కూడా లోపల షాక్ కొట్టేంత ఛార్జ్ నిలిచి ఉంటుంది. మాకు వీధి చివరి టీవీ మెకానిక్ మార్చిపెట్టాడు. సర్వీస్ మాన్యువల్‌లో సర్క్యూట్ పటం ఉంది, ముఖ్యమైన చిప్పులు చాలావరకు సాకెట్లలోనే ఉన్నాయి. అందుకే ఆయన పని గంటలో తెమిలింది.

మన ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్ మొదటి చిప్పు 1985లో అదే ఏకార్న్‌లో పుట్టింది. ఇప్పటి ఫోన్ తెరవాలంటే మాత్రం ముందు జిగురు కరిగించాలి. 'రైట్ టు రిపేర్' మీద 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ కమిటీ వేసిందని నేను చాలాసార్లు రాశాను. ఎందుకు వేసిందో నాకు ఆ మెకానిక్ బల్ల దగ్గర అర్థమైంది.

తర్వాత ఎస్‌డీ కార్డు. యూజర్ పోర్టుకు చిన్న బోర్డు తగిలించి, ఖాళీ రామ్ సాకెట్లో కాదు, రోమ్ సాకెట్లో (నేనూ మొదట పొరబడ్డాను) ఒక చిప్పు పెడితే చాలు. బాబాయి ఒప్పుకోలేదు. "క్యాసెట్ లేకపోతే ఇదేం బీబీసీరా?" అన్నాడు. టంకం వెయ్యలేదు, వద్దనుకుంటే పీకేయొచ్చు అని చూపించాక ఊరుకున్నాడు. ఆ మాత్రం జాగ్రత్త లేకపోతే బాగుచేస్తున్నామంటూ పాడుచేసినట్టే అని నా అభిప్రాయం.

ఇంతకీ ప్రిలిమ్స్‌కు ముందు పన్నెండు రోజులు పోయాయి. పాలిటీ రివిజన్ ఒకసారి తగ్గింది, దాచను. నిన్న సాయంత్రం బాబాయి కళ్లజోడు సర్దుకుని కూర్చున్నాడు. వర్గసమీకరణం మూలాలు కనుక్కునే ప్రోగ్రాం, పుస్తకం చూడకుండా, ఒక్కో లైనూ నంబరు వేసి కొట్టాడు. రెండోసారికి ఆడింది.