డ్యూటీ ముచ్చట్లు - 9: ముందు పేరు అడుగు, తర్వాత మందు



జీఎన్ఎం చదివే చెల్లె ఒకామె అడిగింది: "అక్కా, ఐదు రైట్స్ బట్టీ పట్టినం. సరైన పేషెంటు, సరైన మందు, సరైన డోసు, సరైన దారి, సరైన టైము. పరీక్షల రాస్తే మార్కులు పడ్తున్నయి. వార్డుల నిలబడితే నోరు పెగుల్తలేదు. ఎట్ల?"

నోరు పెగుల్తలేదు అన్నది చూడున్రి, అసలు పాఠం అక్కడుంది. ఈ ఐదు మాటలు రాసినోళ్ళు నర్సుకు అడిగే నోరు ఉంటది, పేషెంటుకు చెప్పే నోరు ఉంటది అనుకొని రాసిన్రు. మన దగ్గర ఆ రెండు నోర్లనూ కులం నొక్కి పెట్టింది. అందుకే ఈ పాఠం నేను వేరే తీరు చెప్త.

మొదటిది సరైన పేషెంటు. పుస్తకంల ఒక్క లైను. వార్డుల మాత్రం పెద్ద కథ. మా గోలేటి, రెబ్బెన, బెల్లంపల్లి దిక్కు ఏ వార్డుకు పోయినా ఇద్దరు రాజయ్యలు, ముగ్గురు లచ్చవ్వలు ఉంటరు. ట్రే పట్టుకపోయి "నువ్వు రాజయ్యవేనా?" అంటే ఎవలైనా "ఆ" అనే అంటరు. బాయిల డ్రిల్లింగు మోతల ఏండ్లకేండ్లు పనిచేసిన మనిషైతే చెవులు సరిగ్గ వినపడయి, మీరు ఏమన్నా తలూపుతడు. తెల్లబట్టలోళ్ళ ముందు "కాదు" అనుడు మనోళ్ళకు అలవాటు చెయ్యలే ఎవ్వలు. అందుకని పేరు మీరు చెప్పొద్దు, ఆయనతోనే చెప్పించాలె. "బాపూ, నీ పేరేంది?" అంతే.

పేరొక్కటే సాలదు, రెండో గుర్తు కావాలె. చానమంది ఇక్కడ ఇంటిపేరు అడుగుతరు. అడగంగనే పెద్దమనిషి మొకం ఎట్ల మారుతదో చూసే ఉంటరు. బతుకంతా ఆ ప్రశ్న ఎన్కాల ఇంకో ప్రశ్న వచ్చింది ఆయనకు: "మీరేమోళ్ళు?" కిరాయి ఇల్లు అడిగినప్పుడు వచ్చింది, పిల్లను బడిల ఏసినప్పుడు వచ్చింది, ఇప్పుడు జ్వరంతోని మంచంల పడ్డప్పుడు కూడా వస్తదని భయం. కొందరు నమిలి మింగుతరు. కొందరు వేరే ఇంటిపేరు చెప్తరు. అట్లయితే మీ రెండో గుర్తే తప్పయితది, ఒకరి మందు ఇంకొకరికి పోతది. పుట్టిన తేది అడుగున్రి అంటది పుస్తకం. మా పెద్దోళ్ళకు అది బడిపంతులు రాసిన తేది, వాళ్ళకే యాదికుండదు.

నేనైతే తండ్రి పేరో భర్త పేరో అడిగి, చేతిపట్టీ మీది ఐపీ నంబరు కేస్ షీట్‌తోని కలిపి చూస్త. సింగరేణి కార్మికుడైతే ఎంప్లాయీ నంబరు అడుగుత. నిద్రల లేపి అడిగినా ఒక్క అంకె తప్పకుంట చెప్తరు. ఆ నంబరుకు కులం లేదు.

ఇగ టైము. ఓడీ అంటే రోజుకొకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు. ఇంటికి పంపేటప్పుడు చీటీ మీద "పొద్దున, రాత్రి" అని రాసిస్తరు. ఎవరి పొద్దున? నైట్ షిఫ్ట్ చేసి వచ్చినోనికి పొద్దున అంటే పండుకునే యాళ్ళ. షుగరున్న మనిషి తెల్లారి ఇంటికొచ్చి, చీటీల ఉన్నదని ఇన్సులిన్ పొడుచుకొని, అలసటకు తినకుంటనే పండుకున్నడనుకోన్రి. నిద్రలనే షుగర్ పడిపోతది. చెమటలు, వణుకు, లేపితే తిక్కతిక్క మాటలు. "తాగొచ్చిండు" అనుకుంటరు ఇంటోళ్ళు. తెలివి ఉండి మింగగలిగితే చక్కెర నీళ్ళు తాపాలె. తెలివి లేకుంటే నోట్ల ఏమీ పొయ్యొద్దు, దవాఖానకు ఉర్కాలె, అక్కడ నరంల గ్లూకోజ్ ఎక్కిస్తరు. డిశ్చార్జి రోజు "నీది ఏ షిఫ్టు బాపూ?" అని ఎవరన్నా అడిగితే ఈ గోస రాదు. టైము మార్చేది డాక్టరే గని, షిఫ్టు సంగతి డాక్టరుకు చెప్పాల్సింది మనం.

డోసు దగ్గర కూడా ఇన్సులిన్ ముచ్చటే చెప్త. మన దేశంల సీసా ఇన్సులిన్ ఎక్కువగ ఎంఎల్‌కు 40 యూనిట్లు, పెన్నులల్ల ఏసే కార్ట్రిడ్జి 100 యూనిట్లు. సిరంజిలు కూడా రెండు రకాలు. 40 సిరంజికి ఎర్రమూత, 100 సిరంజికి నారింజ మూత. 100 ఇన్సులిన్‌ను ఎర్రమూత సిరంజితోని 10 గీత దాకా గుంజితే ఒంట్లకు పోయేది 25 యూనిట్లు. 40 ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజిల గుంజితే పోయేది 4 యూనిట్లే. ఇంట్ల అవ్వకో బాపుకో ఇన్సులిన్ ఏసెటోళ్ళు ఈ ముచ్చట చదివినంక పోయి ఒకసారి సీసా, మూత చూసుకోన్రి.

ఇంకో గోల రాతది. "యూనిట్లు" అని పూర్తిగ రాయకుంట ఇంగ్లీషు యు అక్షరం గీకితే అది సున్నా లెక్క కనపడ్తది. 4 పక్కన యు, చూసెటోళ్ళకు 40. నేను కొత్తల పనిచేసిన ఒక ప్రైవేటు దవాఖానల రాత్రి డ్యూటీ ఎక్కంగనే ఇట్లాంటి షీటే చేతికొచ్చింది. బక్కపలచని ముసలామె, అన్నం సరిగ్గ తింటలేదు. డాక్టరుకు ఫోన్ చేసిన. "కోటాల సీట్లిస్తే ఇట్లనే ఉంటది, చదువనీకి కూడా రాదు" అన్నడు. ఒళ్ళు మండింది. ఫోన్ మాత్రం పెట్టెయ్యలే. "సర్, అంకె చెప్పున్రి." "నాలుగు." "నాలుగు యూనిట్లు, చర్మం కింద, రాత్రి అన్నానికి ముందు, కరెక్టేనా సర్?" అని మళ్ళ చదివి వినిపించిన. టైము ఏసి రాసిన, పొద్దున ఆయనతోనే సంతకం పెట్టించిన. కోటా మాటకు జవాబు ఇంకోరోజు ఇచ్చిన, అది వేరే కథ.

సరైన మందు, సరైన దారి రెండు కలిపే చెప్త. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ చూస్తే డిస్టిల్డ్ వాటర్ లెక్కనే ఉంటది. సెలైన్ల కలిపి మెల్లగ ఎక్కిస్తే పాణం నిలబెడ్తది. కలపకుంట నరంల కొడితే గుండె ఆగుతది. రెండూ ఒకే డబ్బల పెట్టొద్దు. తీసేటప్పుడు, గుంజేటప్పుడు, ఇచ్చే ముందు, మూడుసార్లు లేబుల్ చదవాలె. పక్క సిస్టర్‌కు కూడా చూపించాలె.

ఇచ్చినంకనే సంతకం. మా బాపు గోలేటిల బాయి దిగే ముందు లాంపు రూంల లాంపు తీసుకునేటోడు, పైకొచ్చినంక అప్పజెప్పేటోడు. లాంపు రాకపోతే మనిషి లోపలే ఉన్నడని లెక్క. మందు ఇవ్వకముందే చార్టుల సంతకం పెట్టుడంటే మనిషి లోపలుండంగనే లాంపు అప్పజెప్పినట్టు.

ఇదంతా ఎందుకు ఇంత పట్టుకొని చెప్తున్ననంటే, తప్పు జరిగిన రోజు అందరి చూపు ఆఖరి చెయ్యి మీదనే పడ్తది. 2017 డిసెంబర్‌ల అమెరికా నాష్‌విల్‌ల ఒక నర్సు మిడజోలం అనుకొని వెక్యురోనియం ఇచ్చింది. అది కండరాలను చచ్చుబరిచే మందు. పేషెంటు చనిపోయింది. తప్పు తానే ఒప్పుకున్న ఆ నర్సును 2022 మార్చిల కోర్టు దోషి అన్నది, మే నెలల 3 ఏండ్ల ప్రొబేషన్ ఏసింది. అట్ల శిక్షలేస్తే రేపు ఎవ్వలు తప్పు బయటపెడ్తరు అని అక్కడి నర్సులు రోడ్డెక్కిన్రు.

మన దగ్గర ఆ ఆఖరి చెయ్యి ఎవలది? ఒంటిని ముట్టే పని మైల అని పెద్ద కులాలు దూరం జరిగిన కాలంల మిషన్ దవాఖానలల్ల ఈ పనికి ముందుకొచ్చినోళ్ళల్ల మన ఆడోళ్ళు ఎందరో ఉన్నరు. ఇయ్యాల వాళ్ళ మనవరాండ్లల్ల చానమంది అవుట్‌సోర్సింగ్ కాగితం మీద ఉన్నరు, గట్టిగ అడిగితే రేపు డ్యూటీ ఉండదని భయం. మామూలు దవాఖానల 5గురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలె అంటది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. రాత్రిపూట మీ వార్డుల ఎంతమందికి ఒకరున్నరో లెక్కపెట్టి, తేదీలేసి రాసిపెట్టుకోన్రి. యూనియన్ మీటింగుల ఆ కాగితం పనికొస్తది.

డ్రిప్పు చుక్కల లెక్క కూడా చెప్పమన్నరు కొందరు. అది వచ్చే భాగంల.