బుంగకు బలి ఎవరు?

కాలువ కారితే పోయిన నీళ్ల గురించి అందరం మాట్లాడతాం. పోయిన మట్టి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కానీ చాలా గండ్లకు కారణం ఆ మట్టే. ఎలుక బొరియ, చచ్చిన చెట్టు వేరు, తూము పక్కన సందు, ఏదో ఒక దారి దొరికితే నీరు కట్టలోంచి ఊరుతుంది. ఊరే నీరు తేటగా ఉన్నంతకాలం కనిపెట్టుకుని ఉంటే చాలు. బురదగా వచ్చిందంటే కట్ట లోపల ఖాళీ అవుతోందని అర్థం. ఊళ్లల్లో దీన్నే బుంగ పడిందంటారు. పైనుంచి చూస్తే కట్ట నిక్షేపంగా ఉంటుంది. ఉన్నట్టుండి కూలుతుంది. కారణం కంటికి కనపడదు కాబట్టి దేవుడు అక్కడ దూరతాడు.

అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు కథ మనవాళ్లకు తెలిసిందే. కట్ట తెగబోతుంటే బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇమ్మని గ్రామదేవత పలికిందట. ఆమె వెళ్లి నీటిలో కలిసిపోయిందట. కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని 'ముసలమ్మ మరణం' కావ్యంగా రాశారు. ఆమె త్యాగాన్ని పొగిడేవారు చాలామంది. ఆ కట్టకు అంతకుముందు మరమ్మతు ఎప్పుడు చేశారని అడిగేవారు మాత్రం కనపడరు.

నేనుంటున్న కోల్‌కతాలో ఇదే బుంగ నేల కింద ఉంది. విలియం క్లార్క్ అనే ఇంజనీరు పథకం ప్రకారం 1875 నాటికి ఇక్కడ ఇటుక మురుగు కాలువలు కట్టారు. మురుగు, వాననీరు రెండూ వాటిలోనే పోతాయి. నూట యాభై ఏళ్లలో ఇటుకల మధ్య సున్నం అరిగిపోయింది. ఆ సందుల్లోంచి చుట్టూ ఉన్న మట్టి కొంచెం కొంచెంగా కాలువలోకి జారుతుంది. పైన బోలు ఏర్పడి, ఒకరోజు రోడ్డు కుంగుతుంది. మా వీధిలో అలా కుంగినప్పుడు పక్కింటాయన శాంతి చేయిద్దామన్నారు. "చేయించండి దాదా, కానీ ముందు మూత తీసి లోపల చూడమనండి" అన్నాను.

ఈ పాత కాలువలను తవ్వి తీస్తే నగరం ఆగిపోతుంది. అందుకే చాలాచోట్ల పూడిక తీసి, లోపల ఫైబర్ గ్లాస్ తొడుగు అమర్చి, ఇటుకకూ తొడుగుకూ మధ్య సిమెంటు పాలు నింపారు. కాలువ కాస్త ఇరుకవుతుంది. కానీ నున్నటి గోడ వల్ల నీరు వేగంగా పోతుంది గనుక ఆ లోటు కొంతవరకు తీరుతుంది.

అలాగని లైనింగే కొత్త దేవుడని నేననను. సాగునీటి కాలువలో నీటిమట్టం ఒక్కసారిగా దించేస్తే, వెనక మట్టిలో నిలిచిన నీరు పలకలను లోపలికి నెట్టి పగలగొడుతుంది. దానికి నీరు బయటపడే రంధ్రాలు ఉంచాలి. పలక పగిలితే వెంటనే పూడ్చాలి. పైగా లైనింగ్ వేస్తే పక్క పొలాల బావులకు ఊట తగ్గుతుంది. ఆ లెక్క కూడా వేయాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 2022 సెప్టెంబరులో నిడమనూరు దగ్గర, 2024 సెప్టెంబరులో నడిగూడెం మండలంలో గండ్లు పడ్డాయి. ఏటా నీళ్లు వదిలేటప్పుడు పసుపు, కుంకుమ, పూలు మాత్రం తప్పకుండా పడతాయి. పూజకు ముహూర్తం ఉన్నట్టే తనిఖీకీ తేదీ ఉండాలి కదా?

ఇక బలి సంగతి. నరబలి పోయిందని మనం సంతోషిస్తాం. మనుషుల్ని రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. కోల్‌కతా, హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో ఈ పని ఆగాలని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న ఆదేశించింది. నాలుగు రోజులకే, ఫిబ్రవరి 2న, కోల్‌కతా శివారు బాంతలా తోళ్ల పరిశ్రమల ప్రాంతంలో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ముగ్గురు కార్మికులు చనిపోయారు. ఏ దేవతా వాళ్లను అడగలేదు. గాలి పరీక్షించే పరికరం, యంత్రం, తాడు కంటే మనిషి చౌక అనుకున్న లెక్క వాళ్లను అడిగింది.

హేతువాదులం పూజను ఎగతాళి చేసి ఊరుకుంటే చాలదు. ఈసారి గండి వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేద్దాం. చివరిసారి తనిఖీ ఎప్పుడు చేశారు? ఊట బురదగా వస్తోందని ముందే ఎవరైనా చెప్పారా? బాగుచేయడానికి ఎవరిని, ఏ రక్షణతో దింపారు? ముసలమ్మ ఊళ్లో ఈ ప్రశ్నలు ఎవరూ అడగలేదు.