క్యాబిన్ ట్రాక్టరు కొనేముందు కొట్టం కొలవండి

రండి, మంట దగ్గరికి జరగండి. తెలంగాణలో చలి లెక్కలు చెప్పినప్పుడల్లా మా పక్కనున్న కోహిర్ పేరు వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి, జహీరాబాద్‌లో ఈ కాలం కబుర్లకు మంట ఉండాల్సిందే. ఈ మధ్య మంట చుట్టూ చేరిన వాళ్లంతా తిరిగి తిరిగి ఒక్క మాట దగ్గరికే వస్తున్నారు. “ఇరవై పశువులున్నయి, ఏడెనిమిది ఎకరాలుంది. పాత చిన్న బండి తీసేసి, క్యాబిన్ ఉన్న పెద్ద ట్రాక్టరు తీసుకుందామనుకుంటున్న. ఏమంటవన్నా?”

ఈ ఆశ మా ఊరివాళ్లకు పుట్టడంలో వింతేమీ లేదు. మహీంద్రా వాళ్ల ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఇక్కడ 2012-13 ప్రాంతంలో వచ్చింది. ఏడాదికి లక్ష ట్రాక్టర్లు చేయగల ఫ్యాక్టరీ అది. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో విడుదల చేసిన ‘ఓజా’ ట్రాక్టర్లు తయారయ్యేది మన జహీరాబాద్‌లోనే. మనదేశానికి తెచ్చిన ఏడు ఓజా మోడళ్లూ 20 నుంచి 40 హెచ్‌పీ లోపువి, అన్నీ నాలుగు చక్రాలూ లాగేవి. లోకమంతా చూసేలా ఇక్కడ తయారైన ఆ కొత్త బండ్లు చిన్నవే అన్న సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. మన కన్ను మాత్రం 55 హెచ్‌పీ, అద్దాల క్యాబిన్, ఏసీ మీదే ఉంటుంది.

క్యాబిన్ అంటే షోకు అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. జహీరాబాద్ ఎర్రమట్టిలో ఎండాకాలం రోటవేటర్ తోలిన మనిషిని సాయంత్రం చూడండి, కనురెప్పల మీద కూడా దుమ్మే. తొగరి పొట్టు, జొన్న సొప్ప నలిగిన నూగు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బూజు పట్టిన గడ్డిలో ఏళ్లతరబడి పనిచేసేవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు వైద్యులు ‘ఫార్మర్స్ లంగ్’ అనే పేరే పెట్టారు. చప్పుడు సంగతీ చిన్నది కాదు. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం చెవి రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోగలిగేది 85 డెసిబెళ్లు. ఆపైన ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. అంటే 94 డెసిబెళ్ల దగ్గర ఒక్క గంటే. క్యాబిన్ లేని ట్రాక్టరు మీద బరువు పని చేసేటప్పుడు డ్రైవరు చెవి దగ్గర చప్పుడు 90 దాటడం మామూలే. మన ఊళ్లలో యాభై ఏళ్లకే “ఆఁ?” అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకునే ట్రాక్టరు డ్రైవర్లు మీకూ తెలిసే ఉంటారు.

బోల్తా మాటొకటి ఉంది. 1959లోనే స్వీడన్ కొత్త ట్రాక్టర్లన్నిటికీ బోల్తా పడినా మనిషి నలగకుండా కాపాడే చట్రం తప్పనిసరి చేసింది. అక్కడ బోల్తా చావులు ఎంతో తగ్గాయి. కంపెనీ నుంచి పరీక్షలు దాటి వచ్చిన క్యాబిన్‌లో ఆ చట్రం ఉంటుంది. వెల్డింగ్ షాపులో యాంగిల్ ముక్కలు అతికించి వేసిన రేకు కప్పు నీడనిస్తుంది తప్ప ప్రాణం కాపాడదు. చట్రం ఉన్నా బెల్టు పెట్టుకోకపోతే పూర్తి రక్షణ దొరకదు.

ఇన్ని మంచి మాటలు చెప్పాక కూడా, ఇరవై పశువుల కొట్టానికి పెద్ద క్యాబిన్ ట్రాక్టరు కొనమని నేను చెప్పను. ఎందుకో లెక్క చూద్దాం.

పెద్ద పాడి పశువు రోజుకు తక్కువలో తక్కువ 15 కిలోల పేడ వేస్తుంది. ఇరవై పశువులకు రోజుకు మూడు క్వింటాళ్లు, నెలకు తొమ్మిది టన్నులు. మూత్రంతో తడిసిన చెత్తా, తొక్కి వదిలేసిన గడ్డీ దీనికి అదనం. ఇటు తిండి చూస్తే, తలకు పాతిక కిలోల పచ్చిగడ్డి చొప్పున రోజుకు అయిదు క్వింటాళ్లు పొలం నుంచి రావాలి. బయటికి మూడు, లోపలికి అయిదు. వాన పడినా, పెళ్లున్నా, పండగొచ్చినా ఈ బరువు ఆగదు. దున్నకం ఏడాదికి కొన్ని రోజులే. పేడ మాత్రం మూడు వందల అరవై అయిదు రోజులూ ఉంటుంది.

ఇప్పుడు ఆ పేడ ఎవరు ఎత్తుతున్నారో చూడండి. మా వైపు ఏ కొట్టానికి వెళ్లినా తెల్లవారుజామున గంప నెత్తిన పెట్టుకుని పెంటదిబ్బకు నడిచేది ఆడమనిషే. ఇరవై కిలోల గంప అనుకుంటే రోజుకు పదిహేను గంపలు. ట్రాక్టరు కొనేటప్పుడు షోరూముకు పోయేది మాత్రం తండ్రీ కొడుకులు, బావా బామ్మర్దులు. కోహిర్ వైపు బర్రెలు పెట్టుకున్న మా చిన్నమ్మను నేనొకసారి అడిగాను: “చిన్నమ్మా, కొత్త ట్రాక్టరుకు ఏమేముండాలె?” ఆమె ఆలోచించనే లేదు. “ఏసీ గీసీ నాకెందుకు బిడ్డా? గా పెంట ఎత్తి ట్రాలీల ఏసేది ఉంటదట గద, అది పెట్టియ్యుమను. నడుము పోతుంది.”

ఇరవై పశువుల ఇంటికి ముందు కావలసింది ఇదే. డబ్బు ఉన్నదే తక్కువైనప్పుడు మొదటి రూపాయి చిన్నమ్మ అడిగిన ఆ పెంట ఎత్తే లోడరు బకెట్‌కు పోవాలి, క్యాబిన్ ఆ తర్వాత. ఆ బకెట్ వల్ల ఒక మనిషి నెత్తి మీద బరువు దిగుతుంది.

లోడరు అనగానే “దానికోసమే పెద్ద బండి” అంటారు. పూర్తిగా కాదు. లోడరు పనికి హెచ్‌పీ కంటే ముఖ్యం బండి బరువూ, ముందు యాక్సిల్ బలమూ. తడి పెంటతో నిండిన బకెట్ ముందుకు తూగుతుంది, వెనక టైర్లు తేలుతాయి. తేలిన టైరుకు పట్టు ఉండదు, బ్రేకూ సరిగా పడదు. అందుకే వెనక టైర్లలో నీళ్లు నింపాలి, లింకులకు బరువు తగిలించాలి. బకెట్ ఎత్తి పెట్టుకుని మూల తిరగొద్దు. నడిచేటప్పుడు బకెట్ మోకాలి ఎత్తులోనే ఉండాలి. నాలుగు చక్రాలూ లాగే 40-45 హెచ్‌పీ బండి, కంపెనీ ఒప్పుకున్న లోడరు, ముందుకూ వెనక్కూ ఒక్క లివరుతో మార్చుకునే షటిల్ గేరు ఉంటే చిన్న కొట్టానికి సరిపోతుంది. షటిల్ లేని బండితో లోడరు పని చేస్తే పూటకు వందసార్లు క్లచ్ తొక్కి పట్టి గేరు వెతుక్కోవాలి. ఎడమకాలూ అరుగుతుంది, క్లచ్ ప్లేటూ అరుగుతుంది.

ఇక టేపు తీసుకుని కొట్టం దగ్గరికి పదండి. మనవైపు రేకుల కొట్టాలు ఎక్కువగా చూరు దగ్గర ఏడడుగులకో ఎనిమిది అడుగులకో కట్టినవే. పెద్ద క్యాబిన్ ట్రాక్టరు ఎత్తు ఎనిమిది అడుగులు దాటుతుంది. నిలువుగా పైకి పోయే సైలెన్సర్ ఉంటే అది ముందుగా రేకును తాకుతుంది. మేత దారి వెడల్పు చూడండి. ఆ సైజు బండి ఒకవైపు బ్రేకు తొక్కి తిప్పినా ఆవరణలో ఇరవై అడుగుల జాగా లేనిదే తిరగదు. లోపల ఇరుక్కుని ముందుకూ వెనక్కూ ఆడుతుంటే పొగ కొట్టంలోనే నిలిచిపోతుంది, చూలు పశువులు బెదిరిపోతాయి. దేవణి ఆవులు పెంచేవాళ్లను అడగండి. మన సరిహద్దు అవతల లాతూర్, బీదర్ల నుంచి మన నారాయణఖేడ్ దాకా పెరిగే జాతి అది. పాలకూ దుక్కికీ రెంటికీ పనికొచ్చేది. అలవాటైన చప్పుడుకు ఏమీ అనవు గానీ కొత్త బండి హారనుకు పలుపు తెంపుకుంటాయి.

కొట్టం పనిలో క్యాబిన్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. ఈ పనిలో ఎక్కడం దిగడం ఎక్కువ. గేటు తీయాలి, దూడను పక్కకు తోలాలి, పలుపు సర్దాలి, మళ్లీ ఎక్కాలి. తలుపు తీసి మూసిన ప్రతిసారీ చల్లగాలి పోతుంది. పేడ అంటిన చెప్పులు లోపలికొస్తాయి. చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎత్తుమెట్లు ఎక్కడం ఎవరికీ హాయి కాదు. గడ్డి నూగు ఏసీ కండెన్సర్‌కూ, గాలి ఫిల్టర్‌కూ అడ్డం పడితే వారానికోసారైనా దులపాలి. దులపకపోతే ఏసీ చల్లబడదు, రేడియేటర్ వేడెక్కుతుంది. ఏసీ తినే శక్తి కూడా ఇంజన్ నుంచే వస్తుంది.

మరి క్యాబిన్ ఎవరికి పనికొస్తుంది? బండి మీద రోజుకు ఆరేడు గంటలు దిగకుండా కూర్చునేవాళ్లకు. ట్రాక్టరు అప్పు లెక్క కట్టేటప్పుడు ఏడాదికి వెయ్యి గంటల పని ఉండాలని బ్యాంకులు చూస్తాయి. కొట్టం పని రోజుకు గంటన్నర అనుకుందాం, ఏడాదికి 550 గంటలు కూడా కాదు. మిగతాది కిరాయి పని నుంచి రావాలి. మీ అబ్బాయి చెరకు తోటల్లో రోటవేటర్ తోలతాడు, వరికోతల తర్వాత బేలర్‌తో గడ్డి కట్టలు కడతాడు, చుట్టుపక్కల మండలాలన్నీ తిరిగి కిరాయికి పని చేస్తాడు అంటే అప్పుడు 50 హెచ్‌పీ పైన క్యాబిన్ బండి కొనండి, ఆ పిల్లాడి చెవులకూ ఊపిరికీ ఆ ఖర్చు న్యాయమే. అలాంటి ఇంట్లో పాత చిన్న బండిని అమ్మొద్దని మాత్రం చెప్తాను. దానికి లోడరు సరిపడితే పెట్టండి, సరిపడకపోతే గడ్డి తేవడానికైనా కొట్టంలోనే ఉండనివ్వండి. కిరాయికి పొలం పోయిన పెద్ద బండి రాత్రి పదింటికి వస్తుంది, బర్రెల ఆకలి అంతసేపు ఆగదు.

50 హెచ్‌పీ గీత దాటితే ఇంకో సంగతి ఎదురవుతుంది. ఆ పైన ఇంజన్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాయి. దానికోసం కంపెనీలు కంప్యూటర్ అదుపులో నడిచే డీజిల్ ఇంజెక్షన్ పెట్టాయి. పొగ తగ్గింది, మంచిదే. కానీ సెన్సర్ పోతే చౌరస్తా మెకానిక్ స్పానర్‌తో తీరే పని కాదు. కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ పట్టుకుని రావాలి. చాలా మోడళ్లు 50 లోపే ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం. మీ ఊరికి సర్వీసు మనిషి ఎన్ని గంటల్లో వస్తాడో ముందే కనుక్కోండి.

ధర సంగతి ఇప్పుడు కాస్త నయం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కలపకముందు పది లక్షలుండే బండి మీద డెబ్భై వేలు మిగులుతాయి. ఆ డబ్బును ఇంకో పది హెచ్‌పీకి పెట్టకండి. కొట్టం ముందు నేల గచ్చు చేయించండి. మట్టినేల మీద లోడరు బకెట్ పెంటతో పాటు మట్టినీ గీకుతుంది, వానాకాలం ఆవరణంతా బురద గుంటలవుతుంది. గచ్చు లేని కొట్టంలో ఎంత మంచి లోడరైనా సగం పనే చేస్తుంది.

హెచ్‌పీ అంకె చూసి మోసపోకుండా ఉండాలంటే పరీక్ష నివేదిక చూడండి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ యంత్ర పరీక్షా సంస్థలున్నాయి. పనిముట్లను తిప్పే వెనక ఇరుసు, అంటే పీటీఓ దగ్గర నిజంగా వచ్చే శక్తి ఎంత, వెనక లింకులు ఎత్తే బరువెంత, ఎంత జాగాలో తిరుగుతుంది, డ్రైవరు చెవి దగ్గర చప్పుడెంత, గంటకు డీజిల్ ఎంత అన్నీ ఆ నివేదికల్లో ఉంటాయి. చదవడం కష్టమనిపిస్తే మన దిడ్గి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లు నడిపే కేంద్రం అది. పెద్ద యంత్రాల కంటే చిన్న రైతు మాట వినే అలవాటు అక్కడ ఉంది.

ఆఖరుగా డెమో. డెమో అంటే షోరూము ముందు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పడం కాదు. బండిని మీ కొట్టానికి రప్పించండి. వాన పడిన మర్నాడైతే మరీ మంచిది. మీ పెంటదిబ్బలోనే బకెట్ దింపించి, మీ ట్రాలీలోనే పోయించండి. మీ చాఫ్ కట్టర్ పీటీఓకు తగిలించి పది మోపుల సొప్ప కోయించండి. రోజూ పేడ ఎత్తే మనిషి ఎవరైతే ఉన్నారో, భార్య కావచ్చు, తల్లి కావచ్చు, కూలికొచ్చే వదినె కావచ్చు, ఆమెను సీటెక్కించండి, లివరు చేతికివ్వండి. ఆమె కాలు క్లచ్‌కు అందుతుందా, బకెట్ అంచు సీటు మీదినుంచి కనిపిస్తుందా అడగండి. “కొట్టం దాకా పంపలేం” అని డీలరు అంటే, ముంబై హైవే మీద ఇంకా డీలర్లు ఉన్నారు.